నిచ్చెనలు లేని తోట

ఒక చిన్న కళాకారుడి చిన్న బొమ్మను మన ముందు పెడితే సాధారణంగా మనం రెండు మాటల్లో ఒకటి అంటాం. "ఇది పాలకవర్గాల వినోదం, ప్రజలతో దీనికి నిమిత్తం లేదు" అనడం మొదటిది. "కాలం అటువంటిది, పాపం కళాకారుడేం చేస్తాడు" అనడం రెండవది. మొదటి మాట బొమ్మను చూడకుండానే తీర్పు చెబుతుంది. రెండవది తీర్పు చెప్పవలసిన బాధ్యతను కాలం మీదికి నెట్టి చేతులు కడుగుకుంటుంది. మొదటిది తొందరపాటు, రెండవది సోమరితనం. ఈ రెండూ కాక పురాణగాథలతో ఆడుకున్న పాతకాలపు కళను తూచడానికి మరొక పద్ధతి ఉన్నదా? ఉన్నదనే నా అభిప్రాయం. దానిని సిద్ధాంతంగా వల్లించడంకంటె ఒక ఉదాహరణ మీద పరీక్షించి చూపడం మేలు.

నేను ఎంచుకున్న ఉదాహరణ జొవాన్నీ అంద్రేయా పొదెస్తా. ఈ పేరు వినని పాఠకులు సిగ్గుపడనవసరం లేదు; యూరపు కళాచరిత్రలు కూడా అతన్ని ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తాయి. పదిహేడవ శతాబ్దంలో జెనోవా నుంచి వచ్చి రోములో పనిచేసిన ముద్రాచిత్రకారుడు. అతని పేరున మిగిలిన రాగిరేకు చిత్రాలు బహుకొద్ది. ఆడం బార్ట్ష్ అనే పండితుడు 1803–1821 మధ్య ముద్రాచిత్రకారుల పట్టికను 21 సంపుటాలుగా వెలువరించినపుడు అందులో పొదెస్తాకు దక్కింది కొద్ది చోటు మాత్రమే. బరోక్ కళ అనగానే మనకు తోచే మహాభవనాలూ మహావిగ్రహాలూ అతనివి కావు. అతనివి అరచేతుల మధ్య పట్టుకు చూసే కాగితాలు. వాటి నిండా గ్రీకు దేవతలు, ద్రాక్షాసవం, కేరింతలు కొట్టే రెక్కల పసివాళ్ళు.

నూజివీడులో తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈ జెనోవా వాడితో పని ఎలా పడిందంటే, అతని బొమ్మల్లో ఒకదానిలో పండ్ల తోట ఉన్నది. కాయ కోత జరుగుతున్నది. మా ఊరి చుట్టూ ఉన్నవీ తోటలే. చిన్న రసాలకు, పెద్ద రసాలకు పేరుపడ్డ నేల ఇది. 2022లో జిల్లాలు మారి మేము కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి పోయినా, వేసవి వస్తే ఊరు మాట్లాడేది మామిడి గురించే. కాయ కోత అంటే ఏమిటో తెలిసిన చోటినుంచి చూస్తే ఆ బొమ్మలో కొన్ని సంగతులు కొట్టవచ్చినట్టు కనబడతాయి.

ముందు ఆ బొమ్మ పుట్టుక చెప్పాలి. దానికి మూలం పొదెస్తా ఊహ కాదు, టిషియన్ వర్ణచిత్రం. టిషియన్ కూడా స్వయంగా కల్పించలేదు. క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో ఫిలోస్ట్రాటస్ అనే గ్రీకు రచయిత నేపుల్స్ నగరం దగ్గర ఒక చిత్రశాలను చూసినట్టుగా ఒక గ్రంథం రాశాడు. ఇంటి యజమాని కొడుకైన చిన్న కుర్రవాడు పక్కన నిలబడి వింటూ ఉంటే, ఒక్కొక్క బొమ్మనూ అతనికి వివరించి చెప్పడం ఆ గ్రంథపు తీరు. మన వృత్తివాడే అన్నమాట. ఆ బొమ్మల్లో ఒకటి ఆపిల్ తోట. ప్రేమదేవత వీనస్‌కు చెందిన ఆ తోటలో రెక్కలున్న పసివాళ్ళు గుంపులు గుంపులుగా చేరి పండ్లు కోస్తుంటారు. గంపల్లో నింపుతారు. ఒకరి మీద ఒకరు పండ్లు విసురుకుంటారు, కుస్తీ పడతారు, కుందేలును తరుముతారు. మరొక బొమ్మ ఆండ్రోస్ ద్వీపం. అక్కడ డయోనిసస్ దేవుడి దయవల్ల నేలలోంచి ద్రాక్షాసవపు నది పుట్టి ప్రవహిస్తుంది. జనం తాగి పాడుతుంటారు.

ఇటలీలో ఫెరారా ప్రభువు అల్ఫోన్సో ద ఎస్తె ఈ వర్ణనలను చదివించుకొని, వాటిని మళ్ళీ బొమ్మలుగా చూడాలని ముచ్చటపడ్డాడు. 1518–1526 మధ్య టిషియన్ అతని అంతఃపురపు గది కోసం ఆపిల్ తోటనూ, ఆండ్రోస్ ద్వీపాన్నీ, బాకస్–అరియాడ్నెల కలయికనూ చిత్రించాడు. 1598లో ఫెరారా పోపు వశమైంది. కార్డినల్ పియెత్రో అల్దోబ్రాందీని ఈ చిత్రాలను రోముకు తరలించాడు. తోట బొమ్మ, ద్వీపం బొమ్మ 1621లో లుదోవీసి వంశం చేతికి వెళ్ళాయి. 1637లో అవి స్పెయిన్ రాజు నాలుగవ ఫిలిప్పుకు కానుకగా పోయాయి. ఇవాళ మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్నాయి. ప్రభువు గది, కార్డినల్ మేడ, రాజప్రాసాదం: ఇదీ వాటి మూడు మజిలీల ప్రయాణం. ఏ మజిలీలోనూ తోటమాలి వాటిని చూసి ఉండడు.

రోములో ఉన్న ఆ కొద్దికాలంలో యువకళాకారులకు అవి పాఠశాల అయ్యాయి. ఫ్రెంచి చిత్రకారుడు పూసాన్, ఫ్లెమిష్ శిల్పి దుకెనోయ్ ఆ పసివాళ్ళ ఒంటి మెత్తదనాన్ని నేర్చుకోవడానికి తోట బొమ్మను పదేపదే అభ్యసించారు. 1636లో, అంటే చిత్రాలు స్పెయిన్‌కు తరలిపోవడానికి సరిగ్గా ముందు, పొదెస్తా వాటిని రాగిరేకు మీదికి దించాడు. తరువాత, 1640 ప్రాంతంలో, అదే పసివాళ్ళను తీసుకొని సొంతంగా మధుపానోత్సవాలు కల్పించి చెక్కాడు. తాగేవాళ్ళు, తూగేవాళ్ళు, పెనుగులాడేవాళ్ళు, అందరూ పసివాళ్ళే.

ఇక తోట బొమ్మ దగ్గరకు వద్దాం. ఒక పక్కన ఎత్తైన పీఠం మీద వీనస్ విగ్రహం. దాని దగ్గర ఇద్దరు స్త్రీలు. ఒకామె అద్దం ఎత్తి పట్టింది. మిగిలిన నేలంతా పసివాళ్ళు. లెక్కపెట్టడం మొదలుపెట్టి విసిగి మానేస్తాం, అంతమంది. కొందరు చెట్ల కొమ్మల్లోకి ఎగిరి పండ్లు తెంపుతున్నారు. కింద గంపలు. ఒకడు బాణం వేస్తున్నాడు, ఇద్దరు కౌగిలించుకున్నారు, కొందరికి కుందేలు చిక్కింది. మేఘాల్లా ఒకరి మీద ఒకరు దొర్లుతున్న ఈ గుంపును చూస్తే నవ్వు వస్తుంది. ఆ నవ్వు దొంగ నవ్వు కాదు. బొమ్మ నిజంగా ఉల్లాసంగా ఉన్నది. ఈ సంగతిని మొదటే ఒప్పుకోని విమర్శకుడు తరువాత చెప్పేదేదీ నమ్మదగ్గది కాదు.

ఫిలోస్ట్రాటస్ తన వర్ణనలో ఒక చిన్న వివరం చెబుతాడు: ఆ పసివాళ్ళకు నిచ్చెనలు అక్కరలేదు, పండు ఎక్కడుంటే అక్కడికి ఎగిరిపోతారు. పదమూడు వందల ఏళ్ళ తరువాత టిషియన్ ఆ మాటను పాటించాడు. నూరేళ్ళకు పొదెస్తా టిషియన్‌ను పాటించాడు. తోటలో నిచ్చెన లేదు. గెడ లేదు. చెట్టుకింద తట్ట ఎత్తేవాడు లేడు, కాపలా గుడిసె లేదు. ఈ లేకపోవడమే బొమ్మకు ప్రాణం.

మా వైపు తోటల్లో కోత ఎలా ఉంటుందో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. చాలా తోటలు పూత మీదనో పిందె మీదనో వ్యాపారికి వెళ్ళిపోతాయి. అక్కడినుంచి కాయ పక్వానికి వచ్చేదాకా కాపలా ఉండేవారు వేరు, కోసేవారు వేరు, గంపలకెత్తి గడ్డి పరిచి బండిలో పేర్చేవారు వేరు. కోసేవాడి చేతిలో పొడవాటి గెడ, దాని కొసకు చిక్కం. చిక్కం అందనిచోట కొమ్మ ఎక్కాలి. తొడిమ తెగినచోట చిమ్మే సొన ఒంటిమీద పడితే చర్మం పొక్కుతుంది. ఆకుల మడతల్లో గూళ్ళు కట్టిన ఎర్రచీమలుంటాయి. కాయ నేలకు తగిలి దెబ్బతింటే ధర తగ్గుతుంది కనుక కొమ్మ మీద ఉన్నవాడు తన ఒంటికంటె కాయను జాగ్రత్తగా చూసుకోవాలి. ఒక గాలివాన వచ్చిందంటే అందరి లెక్కలూ తారుమారు. వేసవి సెలవుల్లో మా పిల్లలు కూడా తోటల్లోనే ఉంటారు; రాలుకాయలు ఏరుతారు, ఆడుకుంటారు. వారి ఆటకూ పనికీ మధ్య గీత ఎక్కడున్నదో వారికే తెలియదు.

ఈ బొమ్మను నేను డిగ్రీ తరగతిలో చూపించాను. ఇప్పుడు పెద్ద మ్యూజియములు తమ ముద్రాచిత్రాలను ఎవరైనా చూడడానికి అనువుగా ఉంచుతున్నాయి కనుక అది కష్టమైన పని కాదు. తోటల్లో కోతకు వెళ్ళే ఇంటినుంచి వచ్చిన ఒక విద్యార్థి చాలాసేపు చూసి, "సార్, ఇంతమంది కోస్తున్నారు గదా, ఈ పళ్ళు ఎవరివి?" అని అడిగాడు. తరగతి నవ్వింది. కాని ఆ బొమ్మను గురించి అడగవలసిన ప్రశ్న అదే. పండ్లు వీనస్‌వి అని పురాణం చెబుతుంది. తోట దేవతది, బొమ్మ ప్రభువుది. ప్రభువు తన గదిలో కూర్చుని చూసేది తన సంపద దానంతట అదే గంపల్లోకి నడిచివచ్చే దృశ్యం. కోసేవారు కూలి అడగరు. ఎందుకంటే వారు పసివాళ్ళు, దేవతాంశలు. వారికి ఆకలి లేదు. వారు చేసేది పని అని కూడా అనిపించదు. శ్రమను ఆటగా మార్చి చూపితే శ్రమించేవాడు కనబడకుండా పోతాడు. ఆండ్రోస్ ద్వీపం బొమ్మలోనూ ఇంతే. ద్రాక్షతోటను పెంచినవాడు లేకుండా, పండు తొక్కిన కాళ్ళు లేకుండా, ద్రాక్షాసవం నదిగా వచ్చేస్తుంది.

ఇది మనం బలవంతంగా బొమ్మకు అంటగడుతున్న అర్థమేమో అని శంకించే మిత్రులు చరిత్రను ఒకసారి చూడాలి. ఆపిల్ తోట బొమ్మ 1637లో ఎవరికి కానుకగా పోయింది? నాలుగవ ఫిలిప్పుకు. నేపుల్స్ అప్పుడు ఎవరి ఏలుబడిలో ఉన్నది? అదే ఫిలిప్పు పంపిన వైస్రాయి ఏలుబడిలో. ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో స్పెయిన్ ఖజానా ఎండిపోతున్నది. నేపుల్స్ మీద పన్ను తరువాత పన్ను పడింది. చివరకు 1647లో పండ్ల మీద పన్ను వేశారు. వేసవిలో నగరపు పేదలకు చౌకగా దొరికే ఆహారం పండే. జూలై 7న బజారులో పన్ను ఎవరు కట్టాలన్న విషయంలో తగాదా పుట్టింది. పండ్ల గంపలు నేలపాలయ్యాయి, జనం తిరగబడ్డారు. మాసానియెల్లో అనే ఇరవైయేడేళ్ళ చేపలవాడు వారికి నాయకుడయ్యాడు. వైస్రాయి కోటలో దాక్కొని పన్ను ఎత్తివేస్తానని మాట ఇవ్వవలసి వచ్చింది. తొమ్మిది రోజులకు, జూలై 16న, మాసానియెల్లోను చంపివేశారు. తిరుగుబాటు మాత్రం ఆగలేదు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో గాని స్పానిష్ సైన్యం నగరాన్ని మళ్ళీ పట్టుకోలేకపోయింది.

ఫిలోస్ట్రాటస్ తన ఆపిల్ తోట బొమ్మను చూశానని చెప్పింది ఈ నేపుల్స్‌లోనే. ఆ తోట తెరచిత్రంగా రాజుగారి గోడ మీద ఉన్నది. ఆ రాజుగారి పేరున నేపుల్స్ బజారులో అత్తిపండ్ల గంప మీద పన్ను వసూలయింది. పండును ఎవరూ కొనని, ఎవరూ అమ్మని, ఎవరూ మోయని తోటను గోడ మీద చూసుకునే వర్గమే పండు మీద పన్ను వేసిన వర్గం. రెండూ వేరు వేరు సంగతులని ఎలా అనగలం?

ఇక్కడ రెండవ మాట అనేవారు లేస్తారు. పదిహేడవ శతాబ్దంలో ఒక బీద ముద్రాచిత్రకారుడు ఇంకేం చెక్కగలడు, వర్గచైతన్యం అప్పుడెక్కడిది అంటారు. దీనికి జవాబు జాక్ కల్లో. లొరేన్ ప్రాంతంవాడు. కొన్నేళ్ళు ఇటలీలో పనిచేసినవాడు. పొదెస్తా తోట బొమ్మకు మూడేళ్ళ ముందు, 1633లో, అతడు యుద్ధపు దురవస్థల మీద 18 రాగిరేకుల వరుసను ప్రచురించాడు. సైనికులు రైతు ఇంటిని దోచుకోవడం, పల్లె తగలబడడం, రైతులు సైనికుల మీద పగతీర్చుకోవడం, అంగవికలురైన సైనికులు దారిపక్క అడుక్కోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఆ వరుసలో ఒక రేకు నిండా ఒకే చెట్టు. దాని కొమ్మలకు మనుషులు ఉరితీయబడి గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నారు. ఈ చెట్టు పక్కన పొదెస్తా చెట్టును పెట్టి చూడండి. రాగి ఒకటే, ఆమ్లం ఒకటే, దశాబ్దం ఒకటే, యుద్ధం ఒకటే. కల్లోకు కనబడింది పొదెస్తాకు కనబడలేదంటే కాలం అడ్డువచ్చి కాదు. ఏ చెట్టును చెక్కాలన్నది అప్పుడు కూడా కళాకారుడి ఎంపికే.

ఇంతటితో వ్యాసం ముగిస్తే నా పని సులువవుతుంది. సగం మంది పాఠకులు సంతోషిస్తారు కూడా. కాని నేను మొదట ఒప్పుకున్న సంగతి ఒకటి మిగిలి ఉన్నది. బొమ్మ చూస్తే నవ్వు వస్తుంది. ప్రభువుల గది పోయింది, ప్రభువులు పోయారు, వీనస్‌ను కొలిచేవారు లేరు. నూజివీడు తరగతిలో ఆ నవ్వు ఎందుకు వచ్చింది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1857లో రాసిన ఒక ఉపోద్ఘాతంలో మార్క్స్ దీనినే లేవనెత్తాడు. గ్రీకు కళ ఫలానా సామాజిక దశకు చెందినదని గ్రహించడం కష్టం కాదు. అది ఇంకా మనకు ఆనందం ఎందుకిస్తున్నదో చెప్పడమే కష్టం అన్నాడు. మనిషి మళ్ళీ పసివాడు కాలేడు గాని పసితనపు నిష్కాపట్యాన్ని చూసి సంతోషిస్తాడు అంటూ జవాబు వైపు ఒక అడుగు వేశాడు. పసితనాన్ని గురించి మార్క్స్ అన్నది గ్రీకు సమాజాన్ని ఉద్దేశించి. పొదెస్తా బొమ్మల్లో ఉన్నది ఆ సమాజపు పసితనం కాదు. పెద్దలైన రోమన్ కార్డినళ్ళ కోసం తెచ్చిపెట్టుకున్న పసితనం. అయినా ఆ తెచ్చిపెట్టుకున్న దానిలో కూడా ఒక అసలు కోరిక దాగి ఉన్నది. పని భారం కాకుండా ఉండాలన్న కోరిక. పనిచేసే ఒళ్ళు నొప్పిపడకుండా, తోటివాడు పోటీదారు కాకుండా, పండు అందరికీ సరిపోవాలన్న కోరిక. ఇది ప్రభువు కన్న కల కాదు. ప్రభువుకు పని భారం ఎన్నడూ లేదు, ఆ కల అతనికి అవసరమూ లేదు. అది కొమ్మ మీద ఉన్నవాడి కల. మరొకరి గదిని అలంకరించడానికి దానిని అతని దగ్గరనుంచి తీసుకుపోయారు. మామిడి తోటల పిల్లలు దానిని చూసి నవ్వారంటే తమ వస్తువును గుర్తుపట్టినందువల్లనే.

అయితే ఆ కల సగం కల. ఫ్రెంచి సోషలిస్టు షార్ల్ ఫూరియే భావిసమాజంలో పని ఆటగా మారుతుందన్నాడు. మురికిలో ఆడడం పిల్లలకు ఇష్టం గనుక పాకీపనిని పిల్లల దండ్లకు అప్పగిస్తే వారే ఉత్సాహంగా చేస్తారన్నాడు. పొదెస్తా పసివాళ్ళకు అన్నదమ్ములే వీరు. మార్క్స్ ఫూరియేను ఎంతో గౌరవించాడు గాని ఇక్కడ ఒప్పుకోలేదు. పని ఆట కాజాలదనీ, స్వేచ్ఛగా చేసే పని సైతం, ఉదాహరణకు సంగీతరచన, మనిషి శక్తినంతటినీ పిండే గంభీరమైన కృషి అనీ రాశాడు. మనకు కావలసింది పని మాయం కావడం కాదు, పని మనిషిది కావడం. పొదెస్తా తోటలో నిచ్చెన లేదు. మనకు కావలసిన తోటలో నిచ్చెన ఉంటుంది. కాని అది గట్టిగా ఉంటుంది, దానిని ఎక్కేవాడికి తోటలో మాట ఉంటుంది.

తెలుగువారి సంగతికి వస్తే, ఈ చర్చ మనకు బాగా పరిచయమైనదే. పొదెస్తా రోములో చేరిన తరంలోనే తంజావూరులో రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వేంకటకవి విజయవిలాసం రాశాడు. రఘునాథుడు 1600 నుంచి 1634 దాకా ఏలాడు. సముద్రపు వర్తకం అప్పటికే అతని తలుపు తట్టింది. 1620లో డేనులకు తరంగంబాడిలో కోట కట్టుకోనిచ్చినవాడు అతడే. భారతంలో నియమభంగానికి ప్రాయశ్చిత్తంగా మొదలైన అర్జునుడి తీర్థయాత్ర వేంకటకవి చేతిలో విలాసయాత్ర అయింది. ఉలూచి, చిత్రాంగద, సుభద్ర. చివరకు దొంగ సన్యాసి వేషం. పురాణాన్ని భక్తితో కాక చిరునవ్వుతో పట్టుకోవడం, ప్రతి పద్యంలోనూ చమత్కారం మెరిపించడం ఆ కావ్యపు గుణం. మన సాహిత్యచరిత్రకారులు ఆ కాలానికి క్షీణయుగమని పేరుపెట్టారు. వంకర ముత్యానికి వాడే మాటనుంచి వచ్చిందని చెప్పే బరోక్ అన్న పేరు కూడా మొదట నిందగానే వాడుకలోకి వచ్చింది. ఈ రెండు నిందల్లోనూ కొంత నిజం ఉన్నది. అయితే రెండింటినీ చదవకుండా తప్పించుకోవడానికి వాడుకున్నవారే ఎక్కువ.

1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభకు అధ్యక్షత వహించినది తాపీ ధర్మారావు. క్షీణయుగపు కావ్యమని ఎందరో పక్కనపెట్టిన విజయవిలాసానికి హృదయోల్లాస వ్యాఖ్య రాసినదీ ఆయనే. ఆ వ్యాఖ్యకే 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దేవాలయాల మీద బూతుబొమ్మలు ఎందుకున్నాయని నిర్భయంగా ప్రశ్నించిన మనిషి, చమత్కారంలోని ఆనందాన్ని కూడా అంతే నిర్భయంగా వివరించాడు. ఇందులో వైరుధ్యం ఉన్నదని నాకు తోచదు. ప్రశ్నించడానికి ఎంత దగ్గరగా చూడాలో ఆనందించడానికీ అంతే దగ్గరగా చూడాలి.

అలా దగ్గరగా చూస్తే పొదెస్తా స్థానం ఏది? చిన్న కళాకారుడే, సందేహం లేదు. అతని పసివాళ్ళకు ముఖాలు లేవు. ఒకడి బుగ్గలే అందరికీ అతికించాడు. ఒక కొట్లాటను చెక్కినా అది ఎందుకు వచ్చిందో మనకు తెలియదు. టిషియన్ దగ్గర రంగు మోసిన బరువును గీత మోయవలసి వచ్చినపుడు చాలాచోట్ల తడబడింది. కాని రంగు పోవడంవల్ల ఒక మేలు జరిగింది. టిషియన్ తెరచిత్రంలో పచ్చిక పచ్చదనం, ఒంటి నిగారింపు మనల్ని జోకొడతాయి. నలుపు తెలుపుల్లో ఆ జోల లేదు. ఎవరు ఏం చేస్తున్నారన్నదే మిగిలింది. పండు తెంపే చేయి, గంప మీద చేయి, ఎదుటివాడి జుట్టు మీద చేయి స్పష్టంగా కనబడతాయి. ఆ విద్యార్థికి ప్రశ్న తట్టింది ఈ నలుపు తెలుపుల కాగితాన్ని చూసినపుడు.

మరొక సంగతి ముద్రణకు సంబంధించినది. రాగిరేకు మీద మైనపు పూత పూసి, సూదితో పూతను గీకి, రేకును ఆమ్లంలో ఉంచితే గీత పడినచోట రాగి తినుకుపోతుంది. ఆ పల్లంలో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితం పరిచి, దిమ్మెల మధ్య నొక్కితే బొమ్మ దిగుతుంది. మా పక్కన పెడన కలంకారీ అచ్చుదిమ్మలో ఉబ్బెత్తుగా ఉన్న చెక్క రంగు అందుకుంటుంది. ఇక్కడ పల్లం అందుకుంటుంది. సూత్రం తిరగబడినా ఫలితం ఒకటే: ఒక్క చేతిపని అనేకం అవుతుంది. టిషియన్ చిత్రం చూడాలంటే కార్డినల్ మేడ గుమ్మం దాటాలి. ఆ చిత్రం 1637 తరువాత రోమును వదిలిపోయింది. పొదెస్తా కాగితం బజారులో దొరికింది. కొన్నవారు కూలీలని నేను అనడం లేదు. చిత్రకారులు, చిన్న వ్యాపారులు, చదువుకున్నవారు కొని ఉంటారు. అయినా గోడనుంచి బొమ్మ ఊడి జనంలోకి నడవడం మొదలుపెట్టింది ఇలాంటి చిన్నవారి చేతుల మీదుగానే. పొదెస్తా దీనిని ఉద్యమంగా చేయలేదు, పొట్టకోసం చేశాడు. పొట్టకోసం చేసిన పని కూడా చరిత్రలో దాని పని అది చేసింది. బొమ్మలో పసివాళ్ళు ఎంత తేలికగా ఎగిరినా, వారిని రేకులోకి ఒక్కొక్క గీతగా గీకిన చేయి మాత్రం నిజంగా శ్రమపడిన చేయి.

కనుక మన తరగతి గదుల్లో ఇటువంటి కళను చెప్పవలసిన పద్ధతి ఇదని నేననుకుంటాను. మొదట ఆనందాన్ని దాచకుండా ఒప్పుకోవాలి. తరువాత బొమ్మలో ఏది లేదో వెతకాలి. నిచ్చెన లేదా, కూలి లేదా, కాపలావాడు లేడా అని. ఆ లేనిది ఎవరికి అవసరమై లేకుండా పోయిందో చరిత్రలో పట్టుకోవాలి. అదే కాలంలో దానిని చూడగలిగిన కల్లో వంటివారిని పక్కన నిలబెట్టి పోల్చాలి. ఇంత చేసిన తరువాత కూడా మిగిలే ఆనందం ఏదైనా ఉంటే, అది ఎవరినుంచి తీసుకున్నదో తేల్చి వారికి తిరిగి ఇవ్వాలి. విజయవిలాసానికైనా, లేపాక్షి కప్పు మీది బొమ్మలకైనా, కొండపల్లి బొమ్మల దశావతారాలకైనా ఈ పరీక్ష వర్తిస్తుంది.

మామిడి తోటల మీద తెలుగులో కవిత్వానికి కరువు లేదు. వసంతం వస్తే కోకిల చిగురు తిని కూయడం మన కవులందరికీ తెలుసు. చిక్కం పట్టినవాడు, సొన పొక్కులు పడ్డ చేయి, పూత మీదనే అమ్ముడైన కాపు, గాలివాన రాత్రి కాపలా గుడిసెలో మేలుకున్న కుటుంబం ఇంకా తగినంతగా రాలేదు. ఈ ప్రాంతపు తోటల ఇళ్ళనుంచి వచ్చి బి.ఏ., ఎం.ఏ.లు చదువుతున్న యువకులు ఆ పనికి పూనుకోవాలి. వారి తోటలో పిల్లల నవ్వు కూడా ఉండాలి. పొదెస్తా నవ్వు వారిదే కనుక దానిని వదిలిపెట్టనక్కరలేదు. ఆ నవ్వు పక్కన చెట్టుకు ఆనించిన నిచ్చెనను కూడా గీయాలి. గంపలో పండ్లు ఎవరివన్న ప్రశ్నకు ఆ రచనల్లో జవాబు రావాలి.